ముందు గుర్రం మూట కట్టండి

సెలవులకు ఊరెళ్లేటప్పుడు ఎవరి సంచి వాళ్లు సర్దుకోవాలని పిల్లలకు చెబుతుంటాం. మంచి అలవాటే. దానికి పైమెట్టు ఇంకొకటుంది. తనకేం కావాలో నోరు తెరిచి చెప్పలేని ప్రాణికి సంచి సర్దడం. ఆ పని చేతనైనవాళ్లకు ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఎంత పెద్ద బాధ్యతైనా నిశ్చింతగా అప్పగించవచ్చు. ఈ విద్య బాగా ఒంటబట్టిన మనుషులను చూడాలంటే బ్రిటన్‌లో సొంత గుర్రంతో సెలవులకు బయల్దేరే రౌతులను చూడాలి.

వేసవి వస్తే అక్కడ గుర్రాలున్న చాలామంది కారు వెనక ట్రెయిలర్ తగిలించి, గుర్రాన్ని ఎక్కించుకుని, న్యూ ఫారెస్ట్ అడవులకో, ఎక్స్‌మూర్ బీళ్లకో, సౌత్ డౌన్స్ సుద్దకొండలకో వెళ్తారు. మనిషికి గది, గుర్రానికి కొట్టమో కంచె వేసిన పచ్చికో ఇచ్చే పల్లెటూరి బసలు ఆ దారుల్లో దొరుకుతాయి. పగలు స్వారీ, రాత్రి బస. అద్దె గుర్రమైతే దాని తిండి, లాడాలు, జబ్బు అన్నీ యజమాని చూసుకుంటాడు. మనం ఎక్కి దిగితే చాలు. సొంత గుర్రం సంగతి వేరు. ఎక్కడికెళ్తున్నామో దానికి తెలియదు. మళ్లీ ఇంటికి ఎప్పుడొస్తామో తెలియదు. తెలిసిన మనిషి పక్కనున్నాడన్న ధైర్యంతో ట్రెయిలర్ ఎక్కేస్తుంది. ఆ ధైర్యాన్ని నిలబెట్టాల్సింది మీరే.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. గుర్రానికి అడిగే నోరు లేదు. కాబట్టి అడగకముందే పెట్టే గుణం రౌతుకు ఉండాలి. ఆ గుణం ప్రయాణం రోజు ఉదయం పుట్టుకురాదు. రెండు వారాల ముందు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోవడంలో పుడుతుంది.

కాగితం మీద మొట్టమొదట గుర్రం పేరు రాయండి. దానికి కావాల్సినవన్నీ రాయడం అయ్యాక, అడుగున మీ పేరు. ఈ వరస తారుమారైతే ఏమవుతుందో చెప్పనా? ముందు మీ బట్టలు, మీ బూట్లు, మీ చార్జర్లు సర్దుకుంటారు. అప్పటికే అలసిపోతారు. గుర్రం సామానంతా చివరి అరగంటలో చేతికందినట్టు డిక్కీలో పడుతుంది. మీ టూత్‌బ్రష్ మరిచిపోతే దారిలో కొనుక్కోవచ్చు. గుర్రం కొలతకు సరిపోయే జీను పట్టీని అర్ధరాత్రి ఏ దుకాణంలో కొంటారు?

కడుపు నుంచి మొదలుపెట్టండి

500 కిలోల గుర్రానికి రోజుకు తన ఒంటి బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం మేత కావాలి. అంటే రోజుకు 10 కిలోల దాకా ఎండుగడ్డి. ఐదు రోజులకు 50 కిలోలు. ఇంత మోసుకెళ్లడం దేనికి, అక్కడ గడ్డి దొరకదా అనిపిస్తుంది. దొరుకుతుంది. కానీ ఆ గడ్డి మీ గుర్రం కడుపుకు కొత్త.

గుర్రం ఆవులా నెమరు వేయదు. గడ్డిలోని పీచును దాని పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు పులియబెట్టి అరిగిస్తాయి. అవి రోజూ వచ్చే మేతకు అలవాటుపడి ఉంటాయి. మేత ఉన్నట్టుండి మారితే ఆ ఏర్పాటు చెదిరిపోతుంది. గ్యాసు పట్టి కడుపు ఉబ్బుతుంది, విపరీతమైన నొప్పి వస్తుంది. దీన్నే కోలిక్ అంటారు. ఆ పేరు వింటేనే గుర్రాలు పెంచేవాళ్ల గుండె ఝల్లుమంటుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. మనకు కడుపు చెడితే ఒళ్లు తనంతట తాను బయటపడే దారి దానికి మూసుకుపోయి ఉంది. కోలిక్ ప్రాణం మీదికి తేవడానికి ఇదొక పెద్ద కారణం.

అందుకని వీలైతే ఉన్నన్ని రోజులకూ ఇంటి గడ్డే తీసుకెళ్లండి. అంత చోటు లేకపోతే బస ఇచ్చేవాళ్లకు ముందే ఫోన్ చేసి వాళ్ల దగ్గర ఏ రకం గడ్డి ఉందో అడగండి. అలాంటిదే తెప్పించుకుని, ప్రయాణానికి పది పన్నెండు రోజుల ముందు నుంచి పాత గడ్డిలో కొంచెం కొంచెంగా కలుపుతూ రండి. మార్పుకు ఏడు నుంచి 14 రోజుల గడువు ఇవ్వాలన్నది పశువైద్యుల మాట. దారిలో కూడా గడ్డి అందుబాటులో ఉండాలి. గుర్రం పొట్టలో ఆమ్లం భోజనం వేళలు చూసుకోకుండా ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి నమలడానికి ఏమీ లేకపోతే పొట్ట గోడలు పుండ్లు పడతాయి. ట్రెయిలర్‌లో వేలాడే గడ్డి వల అందుకే. దాన్ని ఎత్తుగా కట్టండి. గడ్డి తగ్గే కొద్దీ వల కిందికి జారుతుంది, కాలు ఎత్తితే గిట్ట అందులో చిక్కుకుంటుంది.

మన ఊళ్లలో జట్కా గుర్రాలకు ఉలవలు పెట్టేవారు. అక్కడ ఓట్స్, బార్లీ, రకరకాల మిశ్రమాలు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత. ఈ దాణాను ఒకే గోతంలో పోసి తీసుకెళ్లకండి. పూటకొక సంచి చొప్పున ఇంట్లోనే తూచి కట్టండి. దాని మీద 'సోమవారం ఉదయం', 'సోమవారం రాత్రి' అని రాయండి. మందు వేయాల్సి ఉంటే అదీ ఆ సంచి మీదే రాయండి. మీకు జ్వరం వచ్చి గదిలో పడుకున్నా, పక్క కొట్టంలోని మనిషి ఆ సంచి విప్పి మీ గుర్రానికి సరిగ్గా పెట్టగలగాలి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సర్దిన మనిషి లేకపోయినా పని జరిగేలా సర్దడమే అసలైన సర్దుడు. అన్నీ తన తలలో పెట్టుకుని తిరిగే మనిషి ఎంత సమర్థుడైనా, ఆ మనిషి పడకేసిన రోజున చుట్టూ ఉన్నవాళ్లు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. మీ ఆఫీసులో మీరు సెలవు పెడితే ఫైలు కదలకుండా ఆగిపోతోందంటే మీరు గొప్పవాళ్లని అర్థం కాదు. దాణా సంచుల మీద పేర్లు రాయలేదని అర్థం.

నీళ్లలోనూ కొత్తదనం వద్దు

గుర్రం రోజుకు 25 నుంచి 50 లీటర్ల నీళ్లు తాగుతుంది. ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ. దీంట్లో చిక్కేమిటంటే కొన్ని గుర్రాలు కొత్త చోట నీళ్ల వాసన నచ్చక మూతి తిప్పుకుంటాయి. నీళ్లు తాగని గుర్రం కడుపులో మేత ఎండి గట్టిపడుతుంది. అదీ కోలిక్‌కు దారే. కొన్ని దారుల్లో నీళ్లు దొరకడమే కష్టం. సౌత్ డౌన్స్ దారి వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్లు. మొత్తం దారి గుర్రాలకు అనుమతి ఉన్నదే. కానీ అది సుద్దకొండ, వాన నీటిని ఇట్టే పీల్చేస్తుంది. శిఖరం వెంట వాగులూ చెరువులూ అరుదు. కుళాయి ఎక్కడుందో మ్యాపు మీద గుర్తు పెట్టుకుని బయల్దేరాలి.

ఇంటి నీళ్లు రెండు క్యాన్లు ట్రెయిలర్‌లో పెట్టుకోండి. మొదటి రాత్రి గండం గట్టెక్కుతుంది. తర్వాతి రోజుల కోసం రౌతులు చేసే ఏర్పాటు నాకు చాలా నచ్చింది. ప్రయాణానికి వారం ముందు నుంచే గుర్రం తాగే బకెట్‌లో కొంచెం ఆపిల్ రసం కలుపుతారు. కొత్త ఊళ్లోనూ అదే కలుపుతారు. ఊరు మారినా బకెట్ వాసన మారదు. ముసలి నాయనమ్మను తీర్థయాత్రకు తీసుకెళ్తూ ఆమె తాగే కాఫీ పొడి, ఆమె గ్లాసు విడిగా పెట్టుకునే కోడలు చేసే పని కూడా ఇదే. నాయనమ్మ మొహమాటపడి అడగదు. గుర్రం అడగలేక అడగదు. కొత్త చోటును ఎలాగూ మార్చలేం, అందులో పాతది కాస్త కలపగలం.

బకెట్లు మాత్రం మీవే వాడండి. స్ట్రాంగిల్స్ అనే గొంతు జబ్బు గుర్రాలలో చాలా సులువుగా అంటుకుంటుంది. ఉమ్మడి తొట్లు, ఉమ్మడి బకెట్లు దానికి రాచబాటలు.

అన్నీ ముందే వాడి చూడండి

కొత్త జీను, కొత్త సంచులు, కొత్త బూట్లు కొని నేరుగా ప్రయాణంలో వాడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఉత్సాహం మనది, పుండు గుర్రం వీపు మీద. ఇంటి దగ్గర వాడని వస్తువు ఏదీ సెలవు సామానులో ఉండకూడదని గట్టిగా చెబుతాను. సంచులన్నీ నింపి, జీనుకు కట్టి, బయల్దేరే ముందు ఒక పూట నిజంగానే స్వారీ చేయండి. ఏది లొడలొడలాడుతోంది, ఏది ఒరుసుకుంటోంది, ఏ శబ్దానికి గుర్రం చెవులు వెనక్కి వాలుస్తోంది, అప్పుడు తెలుస్తుంది. దిగాక జీను తీసి వీపు చూడండి. చెమట రెండు వైపులా సమానంగా పట్టి ఉండాలి. చుట్టూ తడిసి, మధ్యలో ఒకచోట రూపాయి బిళ్లంత పొడిగా కనబడితే జీను అక్కడ నొక్కుతోందేమోనని అనుమానించండి. పైకి చిన్న మచ్చే. నాలుగు రోజుల స్వారీలో అది పుండవుతుంది.

జీను వేసే పద్ధతి ఒకసారి దగ్గరగా చూడండి. ముందు వీపంతా బ్రష్‌తో తోమాలి. ఒక్క ఇసుక రేణువున్నా రోజంతా చర్మాన్ని కోస్తుంది. తర్వాత కింది గుడ్డను భుజాల మీదికి కాస్త ముందుగా పెట్టి, మెల్లగా వెనక్కి జరపాలి. అలా జరిపితే వెంట్రుకలు పడుకున్న దిక్కునే పడుకుంటాయి. వెనక నుంచి ముందుకు తోస్తే వెంట్రుకలు నిక్కి, జీను కింద ముల్లులా గుచ్చుతాయి. జీను పెట్టాక, గుడ్డను మెడ మొదట్లో వేళ్లతో పైకి లాగి కాస్త ఖాళీ ఉంచాలి. ఇదంతా అర నిమిషం పని. రోజూ చేసేవాళ్లు, ఒక్క రోజు తొందరలో వదిలేసినవాళ్లు ఎవరో ఆ సాయంత్రం గుర్రం వీపే చెబుతుంది.

లాడాల సంగతీ అంతే. లాడాలు కొట్టే మనిషిని బయల్దేరే ముందు రోజు పిలవకండి. వారం ముందు పిలవండి. మేకు తగలరాని చోట తగిలిందా, గుర్రం కుంటుతోందా తెలియడానికి ఆ వారం కావాలి. దారిలో లాడం ఊడితే గిట్టకు తొడగడానికి రబ్బరు బూటు ఒకటి వెంట ఉంచుకోండి. దాన్ని కూడా ఇంటి దగ్గర తొడిగి నడిపించి చూడండి.

గుర్రం సత్తువ కూడా సామానులో భాగమే. ఇంటి దగ్గర వారానికి రెండు గంటలు తిరిగే గుర్రాన్ని సెలవులో రోజుకు 30 కిలోమీటర్లు నడిపిస్తే అది పాపం నడుస్తుంది, ఎందుకంటే దానికి కాదనడం రాదు. దూరం నెల రెండు నెలల ముందు నుంచి నెమ్మదిగా పెంచుకుంటూ రావాలి. ఇంటి దగ్గర నడవనంత దూరం సెలవులో నడిపించకండి.

బరువు లెక్క

రౌతు, జీను, సంచులు అన్నీ కలిపి గుర్రం ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదని చాలామంది పాటించే లెక్క. 500 కిలోల గుర్రమైతే 100 కిలోలు. మీరు బట్టలు, బూట్లు, హెల్మెట్‌తో 75 ఉన్నారనుకోండి. జీను, దాని సరంజామా 12. మిగిలింది 13 కిలోలు. ఆ 13 కిలోల్లో వాన కోటు, మధ్యాహ్నం తిండి, నీళ్లు, మందుల పెట్టె, గుర్రం తాడు అన్నీ రావాలి. గుర్రం ముసలిదైనా, కొండదారైనా ఆ లెక్క ఇంకా తగ్గాలి.

బరువు ఎంతన్నది ఒక ఎత్తు, ఎక్కడ పెట్టామన్నది ఇంకో ఎత్తు. గుర్రానికి 18 జతల పక్కటెముకలు. జీను వాటి మీద ఆనుతుంది. ఆ వెనక నడుము భాగానికి కింద ఎముకల ఆధారం లేదు. అక్కడ బరువు వేలాడదీస్తే, అది అడుగడుగునా ఎగిరెగిరి పడితే నడుము పట్టేస్తుంది. బరువైనవి ముందు సంచుల్లో, తేలికైనవి వెనక. కుడి ఎడమ సంచులను చిన్న వేలాడే త్రాసుతో తూచి సమానం చేయండి. మధ్యాహ్నం ఒక వైపు నీళ్ల సీసా ఖాళీ చేస్తే మళ్లీ సర్దండి. పక్కకు లాగే జీనును గుర్రం రోజంతా తన కండరాలతో సరిచేసుకుంటూ నడుస్తుంది. అది మీకు కనబడదు.

స్కాట్లండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1878లో ఫ్రాన్స్‌లోని సెవెన్ కొండల్లో పన్నెండు రోజులు కాలినడకన తిరిగాడు. సామాను మోయడానికి మోడెస్టిన్ అనే గాడిదను కొన్నాడు. పడుకోవడానికి తానే ఒక పెద్ద సంచి కుట్టించుకున్నాడు. గొర్రెమాంసం తొడ, తెల్ల రొట్టె, నల్ల రొట్టె, పాల కోసమని ఖాళీ సీసా, చివరికి గుడ్లు గిలక్కొట్టే కవ్వం కూడా మూట కట్టుకున్నాడు. మొదటి రోజే మూట జారిపోయింది. ఇక లాభం లేదనుకుని ఖాళీ సీసా, తెల్ల రొట్టె, మాంసం, ఆఖరికి తనకెంతో ఇష్టమైన కవ్వం కూడా పారేశాడు. నల్ల రొట్టె మాత్రం మోడెస్టిన్ కోసం ఉంచాడు. ఆ సంగతులన్నీ మరుసటి ఏడు అచ్చయిన తన యాత్రా పుస్తకంలో రాశాడు. ఇప్పటికీ జనం ఆయన నడిచిన దారి పట్టుకుని నడుస్తున్నారు.

ఆ కవ్వం లాంటి వస్తువు ప్రతి సంచిలోనూ ఒకటి ఉంటుంది. అవసరం లేదని తెలుసు, వదలబుద్ధి కాదు. ఎంపికలో మన మనసు మెత్తబడేది అక్కడే. ఆ వస్తువును చేత్తో పట్టుకుని, దీన్ని మోసేదెవరని అడగండి. మోసేది నేను కాదు అనే జవాబు వస్తే తీసి పక్కన పెట్టేయండి.

ఇంకో మనిషి గురించీ చెప్పాలి. స్విట్జర్లండ్‌లో పుట్టి అర్జెంటీనాలో పాఠాలు చెప్పుకునే ఎమె చిఫెలీ 1925లో బ్యూనస్ ఎయిర్స్ నుంచి మాంచా, గాతో అనే రెండు గుర్రాలతో బయల్దేరాడు. ఆండీస్ కొండలు, ఎడారులు, అడవులు దాటి 1928లో న్యూయార్క్ చేరాడు. దాదాపు 16,000 కిలోమీటర్లు. ఒక గుర్రం ఎక్కి, ఇంకోదాని మీద సామాను వేసి, వాటిని మార్చుకుంటూ వెళ్లాడు. మెక్సికోలో గాతో గాయపడింది. అంత దూరం వచ్చాక, గమ్యం దగ్గరపడ్డాక చాలామంది ఇంకాస్త లాక్కెళ్దాం అనుకుంటారు. చిఫెలీ గాతోను అక్కడే ఆపేశాడు. మిగతా దారి మాంచా ఒక్కదానితో పూర్తిచేశాడు. తర్వాత రెండు గుర్రాలూ అర్జెంటీనాకు తిరిగొచ్చి పచ్చికలో హాయిగా బతికి, గాతో 1944లో, మాంచా 1947లో పోయాయి. ఆయన న్యూయార్క్ చేరిన సెప్టెంబరు 20 ఇప్పుడు అర్జెంటీనాలో గుర్రాల దినోత్సవం. ఆయన దారి మొత్తంలో నాకు ఎక్కువ గౌరవం కలిగించేది గాతోను ఆపిన నిర్ణయమే. వెనక్కి తగ్గే వీలు కూడా మన పథకంలో ఉండాలి. మీ మ్యాపు మీద ప్రతి రోజూ ఒక పొట్టి దారి గుర్తు పెట్టుకోండి. గుర్రం అలసితే అటు తిరిగి బసకు చేరిపోవచ్చు.

జేబులోవి జేబులోనే

ఫోను జీను సంచిలో పెట్టకండి. మీరు కిందపడితే గుర్రం పారిపోతుంది, దానితోపాటే ఫోనూ పోతుంది. ఫోను, గిట్టలో రాళ్లు తీసే కొక్కెం, చిన్న చాకు మీ ఒంటి మీదే ఉండాలి. అదే విధంగా గుర్రం ఒంటి మీద మీ ఫోను నంబరు రాసిన బిళ్ల ఉండాలి. ఇద్దరూ విడిపోయినా ఎవరో ఒకరు కలుపుతారు.

గడ్డి మోపులు కట్టే పురికొస కొంచెం జేబులో వేసుకోండి. పైసా విలువ లేనట్టుంటుంది, చేసే మేలు మాత్రం పెద్దది. గుర్రాన్ని తాడుతో నేరుగా స్తంభానికి కట్టకూడదు. స్తంభానికి ముందు పురికొస ఉచ్చు వేసి, తాడును ఆ ఉచ్చుకు కట్టాలి, అదీ ఒక్క లాగుతో ఊడే ముడితో. గుర్రం బెదిరి వెనక్కి గుంజుకుంటే పురికొస పుటుక్కున తెగుతుంది, మెడ దక్కుతుంది. ఈమధ్య వచ్చే ప్లాస్టిక్ పురికొస మరీ గట్టిది, పోగులు విడదీసి సన్నగా చేసి వాడాలి.

రోడ్డు మీద నడిచే చోట మెరిసే పసుపు చొక్కా మీకూ, మెరిసే పట్టీ గుర్రానికీ వేయండి. బ్రిటన్‌లో 2022 జనవరిలో మారిన రోడ్డు నిబంధనల ప్రకారం కార్లు గుర్రాన్ని దాటేటప్పుడు గంటకు 10 మైళ్ల వేగం మించకుండా, కనీసం రెండు మీటర్ల ఎడం ఇవ్వాలి. నిబంధన ఉంది కదా అని కారువాడి మీద భారం వేయకండి. అతనికి మీరు దూరం నుంచే కనబడాలి.

మందుల పెట్టె గురించి ఒక్క మాట. అందులో పట్టీలు, దూది, గాయం కడిగే ఉప్పునీళ్లు, థర్మామీటరు ఎలాగూ ఉంటాయి. అంతకన్నా విలువైనది ఒక చీటీ. మీ గుర్రం తీరుబడిగా ఉన్నప్పుడు గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుంది, ఊపిరి ఎన్నిసార్లు తీస్తుంది, ఒంటి వేడి ఎంత. మామూలుగా గుండె నిమిషానికి 28 నుంచి 44, ఊపిరి 8 నుంచి 16, వేడి 37.5 నుంచి 38.5 సెంటీగ్రేడు. కానీ మీ గుర్రం అంకె మీకు తెలియాలి. దవడ కింద వేళ్లు పెట్టి, నాడి దొరికించుకుని, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఇంటి దగ్గరే సాధన చేయండి. చీకట్లో, తెలియని ఊళ్లో, గుర్రం డొక్కల వైపు తిరిగి తిరిగి చూసుకుంటూ కాలితో నేల గీకుతున్న వేళ డాక్టరుకు ఫోన్ చేసి 'ఎలాగో ఉందండీ' అనడం వేరు. 'మామూలుగా 34 కొట్టుకునేది ఇప్పుడు 60 కొట్టుకుంటోంది, మధ్యాహ్నం నుంచి లద్దె వేయలేదు' అనడం వేరు. రెండో మాట వింటే డాక్టరు అప్పుడే కారు తాళాలు తీస్తాడు. ఆ ఊళ్లోని పశువైద్యుడి నంబరు ఫోనులో ముందే ఉండాలని వేరే చెప్పాలా?

కాగితాలు, ట్రెయిలర్

బ్రిటన్‌లో ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు ఉండాలి. గుర్రం కదిలితే అది వెంట రావాలి. ఇంగ్లండులో 2020 అక్టోబరు నుంచి మైక్రోచిప్ కూడా తప్పనిసరి. ఫ్లూ టీకా వేయించిన తేదీ పాస్‌పోర్టులోనే ఉంటుంది, చాలా బసల్లో అది చూడందే లోపలికి రానివ్వరు. ఇది చాదస్తం కాదు. 2019 ఫిబ్రవరిలో గుర్రాల ఫ్లూ పాకితే బ్రిటన్‌లో రేసులన్నీ ఆరు రోజులు ఆపేశారు. బీమా కాగితం, దారిలో బండి చెడితే గుర్రాన్ని కూడా చేరవేసే సేవకు కట్టిన రసీదు ఒకే కవరులో పెట్టండి. ఆ కవరు కారులో, చేతికందే చోట.

ట్రెయిలర్ టైర్లు, లైట్లు, నేల చెక్కలు చూడండి. రబ్బరు పట్టా ఎత్తి చూడండి, చెక్క పుచ్చేది దాని కిందే. ఒకే గుర్రమైతే బ్రిటన్‌లో కుడివైపు అరలో ఎక్కిస్తారు. రోడ్డు అంచుల వైపు వాలుగా ఉంటుంది కాబట్టి బరువు ఎత్తు వైపు ఉండాలి. సామాను సర్దేటప్పుడు దిగగానే కావాల్సింది చివర పెట్టండి. దిగగానే ముందు కావాల్సినవి తాడు, బకెట్, నీళ్లు, గడ్డి. మీ సూట్‌కేసు అన్నిటికన్నా లోపల ఉన్నా నష్టం లేదు.

ఇక మీ సామాను. తడిస్తే మార్చుకోవడానికి ఒక జత, ఎండితే వేసుకోవడానికి ఒక జత, అలవాటైన బూట్లు, వాన కోటు, మీ మందులు. చాలు.

దిగిన గంట

బస చేరగానే టీ తాగడానికి లోపలికి రమ్మంటారు. వెళ్లకండి, అయిదు నిమిషాలాగి వస్తామని చెప్పండి. గుర్రాన్ని పచ్చికలో వదిలే ముందు కంచె వెంట ఒక చుట్టు తిరగండి. తెగిన తీగ ఉందా? తొట్టిలో నీళ్లున్నాయా? పసుపుపచ్చని పూల రాగ్‌వర్ట్ మొక్క కాలేయాన్ని తినేస్తుంది. యూ చెట్టు ఆకు కొంచెం తిన్నా గుర్రం బతకదు. శరదృతువులో ఓక్ కాయలూ ప్రమాదమే. న్యూ ఫారెస్ట్‌లో ఆ ఋతువులో పందులను అడవిలోకి వదిలి కాయలు తినిపించేది, అక్కడ స్వేచ్ఛగా తిరిగే పొట్టి గుర్రాలనూ పశువులనూ కాపాడుకోవడానికి కూడా.  ఆ గుర్రాలకు యజమానులున్నారు. ముద్దొచ్చినా వాటికి మేత పెట్టకండి.

రాత్రి పడుకునే ముందు ఇంకోసారి వెళ్లి చూడండి. లద్దె వేసిందా, నీళ్లు తగ్గాయా, గడ్డి తిందా. ఈ మూడూ చూసి, తేదీ వేసి, దాణా సంచుల పక్కన పెట్టిన పుస్తకంలో రాయండి.

ఇంటికొచ్చాక బకెట్లు, తాళ్లు, బ్రష్‌లు మందు నీళ్లతో కడిగి ఎండబెట్టండి. మీ కొట్టంలోని మిగతా గుర్రాలకు మీరు పొరుగూరి జబ్బు మోసుకురాకూడదు. తర్వాత ఆ పాత కాగితం తీయండి. అసలు విప్పని సంచి ఏది, మాటిమాటికీ వెతికిన వస్తువేది, పక్కవాళ్లను అడిగి తెచ్చుకున్నదేది, మరిచిపోకముందే గుర్తు పెట్టండి. వాడలేదని మందుల పెట్టెనూ, గిట్ట బూటునూ కొట్టేయకండి. మిగతావాటి మీద నిర్దాక్షిణ్యంగా గీత కొట్టి, పట్టిక తిరగరాసి, పాస్‌పోర్టు కవరులోనే పెట్టేయండి.